మ్యూనిక్ బరిలో క్యూబా: ఒక గెలుపును ఎలా చదవాలి?

ఆటల చరిత్రను సమాజ చరిత్రలో భాగంగా చూసే అలవాటు మన సాహిత్య విమర్శకు పెద్దగా లేదు. పాటకూ, బుర్రకథకూ, నాటకానికీ వర్గ స్వభావం ఉందని ఒప్పుకొనేవాళ్లు కూడా ఆట దగ్గరికి వచ్చేసరికి అది కండబలానికీ అదృష్టానికీ సంబంధించిన వ్యవహారమన్నట్టు పక్కకు తప్పుకుంటారు. దాన్ని పత్రికల చివరి పేజీకి వదిలేస్తారు. తమకు నచ్చిన దేశం గెలిచిన రోజున మాత్రం హఠాత్తుగా మొదటి పేజీకి తెచ్చి, చూశారా మా సిద్ధాంతం గెలిచింది అంటారు. ఈ రెండు ధోరణులూ ఒకదానికొకటి వ్యతిరేకంగా కనిపించినా వాటిలోని లోపం ఒకటే. రెండూ ఆటను చరిత్రగా చూడవు.

1972 మ్యూనిక్ ఒలింపిక్ క్రీడల్లో క్యూబా బాక్సింగ్ జట్టు సాధించిన ఫలితాన్నీ, దానికి వెనకా ముందూ ఉన్న చరిత్రనూ ఈ వ్యాసంలో పరిశీలించదలచుకొన్నాను. నేను క్రీడా నిపుణుణ్ణి కాను. తెలుగు ఎం.ఏ. చదివి ఉన్నత పాఠశాలలో పాఠాలు చెప్పుకొనేవాణ్ణి. అయినా ఈ విషయాన్ని ఎత్తుకోవడానికి కారణం ఉంది. వీరుణ్ణి ఎలా రాయాలి, సమూహాన్ని ఎలా రాయాలి, ఒక విజయాన్ని ఏ మేరకు రుజువుగా తీసుకోవాలి అనే ప్రశ్నలు మన కవులకూ కథకులకూ కొత్తవి కావు. క్యూబా బాక్సర్ల చరిత్ర ఆ ప్రశ్నలను మన ముందు స్పష్టంగా, కొంత ఇబ్బందికరంగా కూడా, నిలబెడుతుంది.

ఫలితం

మ్యూనిక్ క్రీడలు 1972 ఆగస్టు 26 నుంచి సెప్టెంబరు 11 దాకా జరిగాయి. సెప్టెంబరు 5న క్రీడాగ్రామం మీద జరిగిన సాయుధ దాడి, దాని పర్యవసానంగా ఇజ్రాయెల్ జట్టుకు చెందిన 11 మంది మరణం ఆ క్రీడలను చరిత్రలో విషాదంగా మిగిల్చాయి. ఆట రాజకీయాలకు అతీతమనే మాట ఎంత బోలుదో మ్యూనిక్ చూపించినంత క్రూరంగా మరే క్రీడలూ చూపలేదు.

బాక్సింగ్‌లో అప్పుడు 11 బరువు తరగతులు ఉండేవి. క్యూబాకు మూడు స్వర్ణాలు, ఒక రజతం, ఒక కాంస్యం వచ్చాయి. బాంటమ్ వెయిట్‌లో ఓర్లాండో మార్తినెజ్ మెక్సికోకు చెందిన అల్ఫోన్సో జమోరాను ఓడించాడు. వెల్టర్ వెయిట్‌లో ఎమిలియో కొరెయా హంగరీ బాక్సర్ యానోష్ కాయ్డీపై గెలిచాడు. హెవీ వెయిట్‌లో తెయోఫిలో స్టీవెన్‌సన్ విజేత. లైట్ హెవీ వెయిట్ ఫైనల్లో గిల్బెర్తో కార్రీయో యుగోస్లావియాకు చెందిన మాతె పార్లోవ్ చేతిలో ఓడి రజతం తెచ్చుకున్నాడు. ఫ్లై వెయిట్‌లో డగ్లస్ రోద్రిగెజ్‌కు కాంస్యం. సోవియట్ యూనియన్‌కు రెండు స్వర్ణాలు, అమెరికాకు ఒకటి వచ్చాయి. బాక్సింగ్ పట్టికలో క్యూబాది మొదటి స్థానం.

ఈ అంకెల విలువ తెలియాలంటే మరికొన్ని అంకెలు పక్కన పెట్టాలి. 1904లో కత్తిసాములో వచ్చిన పతకాల తర్వాత క్యూబాకు ఒలింపిక్ స్వర్ణం రావడం మార్తినెజ్‌తోనే మళ్లీ మొదలు. మధ్యలో 68 ఏళ్లు గడిచాయి. 1972లో క్యూబా జనాభా సుమారు 90 లక్షలు. 1971 జనాభా లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్ జనాభా 4 కోట్ల 35 లక్షలు. అంటే మన రాష్ట్రంలో అయిదో వంతు జనం ఉన్న ద్వీపం అది. అదే మ్యూనిక్‌లో యావద్భారతానికి దక్కింది హాకీలో ఒక్క కాంస్యం.

ఇంత చిన్న దేశానికి ఇది ఎలా సాధ్యమైంది? సాధారణంగా రెండు జవాబులు వినిపిస్తాయి. నల్లజాతి శరీరానికి సహజంగానే ఆ బలం ఉంటుందనేది మొదటిది. స్టీవెన్‌సన్ వంటి అసాధారణ వ్యక్తి పుట్టడం వల్లనేది రెండోది. మొదటిది పొగడ్త వేషం వేసుకున్న జాతి దురభిప్రాయం. రెండోది వ్యక్తి ఆరాధన. ఆ శరీరాలు 1972కు ముందు కూడా క్యూబాలో ఉన్నాయి. ప్రతిభ గల వ్యక్తులూ ఉన్నారు. అయినా అంతవరకూ క్యూబాకు బాక్సింగ్‌లో ఒక్క ఒలింపిక్ స్వర్ణమూ లేదు. శరీరం, ప్రతిభ అలాగే ఉండి ఫలితం మారిందంటే, మారింది మరేదో అయివుండాలి. ఆ మరేదో ఏమిటన్నదే చరిత్రకారుడి ప్రశ్న.

అంతకు ముందు

క్యూబాలో బాక్సింగ్ పుట్టింది తోటల్లోనో బడుల్లోనో కాదు. అమెరికా పెట్టుబడి, అమెరికా పర్యాటకులు, జూదం వాటితోపాటు అది హవానాకు వచ్చింది. మొట్టమొదటి నల్లజాతి ప్రపంచ హెవీ వెయిట్ విజేత జాక్ జాన్‌సన్ తన బిరుదును తెల్లవాడైన జెస్ విలర్డ్‌కు కోల్పోయింది 1915 ఏప్రిల్ 5న, హవానా శివారులోని గుర్రప్పందాల మైదానంలోనే. ఆ పోరు 26 రౌండ్లు సాగింది. బాక్సింగ్ ద్వీపానికి ఒక వినోదంగా, ఒక వ్యాపారంగా అలవాటైన కాలం అది.

ఆ వ్యాపారం తయారుచేసిన మొదటి పెద్ద పేరు ఎలీహియో సర్దిన్యాస్. హవానా వీధుల్లో పేపర్లు అమ్మిన కుర్రవాడు. కిడ్ చాకొలేట్ అన్న పేరుతో న్యూయార్కు రింగుల్లో వెలిగి, 1931లో ప్రపంచ బిరుదు గెలిచి, ఆ ఘనత సాధించిన మొదటి క్యూబన్ అయ్యాడు. ఆ పేరును ఒక్క క్షణం గమనించండి. మనిషి రంగును మిఠాయి పేరుగా మార్చి టికెట్టు మీద అచ్చువేశారు.

ఇక్కడ సాహిత్య విద్యార్థులకు ఆసక్తి కలిగించే విషయం ఒకటుంది. క్యూబా మహాకవి నికొలాస్ గియేన్ 1929లో ఈ బాక్సర్ మీద ఒక చిన్న గీతం రాశాడు. మొదట అది కిడ్ చాకొలేట్ పేరుతోనే వెలువడింది. తర్వాత 1931 నాటి సంపుటిలో చేర్చేటప్పుడు శీర్షికలోంచి ఆ పేరు తీసేసి, ఒక క్యూబన్ నల్ల బాక్సర్‌కు అని మార్చాడు. ఈ చిన్న మార్పులో ఒక పెద్ద విమర్శ సూత్రం ఉందని నా అభిప్రాయం. పేరు ఉన్నంతసేపూ అది ఒక వీరుడి మీద పద్యం. పేరు తీసేయగానే, తన రక్తాన్నీ చెమటనూ ఉత్తరాది నగరానికి అమ్ముకునే ఒక వర్గం మీద పద్యమైంది. విప్లవానికి 30 ఏళ్ల ముందే కవి ఆ వ్యాపారంలోని దోపిడీని పట్టుకోగలిగాడు. పేరు చెరిపేయడం ద్వారా పట్టుకున్నాడు.

ఇందుకు సమాంతరంగా మన శ్రీకాకుళం ప్రాంతపు వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుణ్ణి గుర్తు తెచ్చుకోవచ్చు. కలియుగ భీముడని మనం పిలుచుకున్న ఆ బలశాలికి వలస పాలనలో బతుకుదెరువు చూపింది సర్కసు డేరా. గొలుసులు తెంచిన కథలు, గుండెమీద ఏనుగును నిలబెట్టుకున్న కథలు మనకు మిగిలాయి. ఆయన తర్వాత ఆ విద్య ఊరి పిల్లలకు అందడానికి ఏ ఏర్పాటు మిగిలిందని ఆ కథలు అడగవు.

బాక్సింగ్ వ్యాపారం చివరి రూపం బెన్నీ పారెట్ జీవితంలో కనిపిస్తుంది. సాంతా క్లారా ప్రాంతంలో చెరకు నరికిన కూలీ అతను. ప్రపంచ వెల్టర్ వెయిట్ విజేత అయ్యాడు. 1962 మార్చి 24న న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఎమిల్ గ్రిఫిత్ అతన్ని తాళ్లకు అదిమి వరసగా గుద్దుతూ ఉండగా ఆ దృశ్యం టెలివిజన్‌లో దేశమంతా చూసింది. పారెట్ స్పృహ రాకుండానే ఏప్రిల్ 3న చనిపోయాడు. అప్పటికి అతనికి 25 ఏళ్లు. ఆ రాత్రి రింగ్ పక్కనే ఉన్న రచయిత నార్మన్ మెయిలర్ ఆ చావును గురించి రాశాడు. చెరకు తోటనుంచి మాడిసన్ స్క్వేర్ దాకా సాగిన ఆ దారి పారెట్ ఒక్కడిది కాదు. అతను దాని చివరి దాకా నడిచాడు, అంతే.

మారింది ఏమిటి?

పారెట్ చనిపోయిన ఆ 1962లోనే క్యూబా ప్రభుత్వం వృత్తి క్రీడలను నిషేధించింది. అంతకు ముందు సంవత్సరం, 1961 ఫిబ్రవరిలో, క్రీడలకూ శారీరక విద్యకూ ఒక జాతీయ సంస్థ ఏర్పడింది. ఆట ప్రజల హక్కు అన్నది దాని నినాదం. 1967లో ఆటలు చూడటానికి ప్రవేశ రుసుము కూడా తీసేశారు.

ఒక బడిపంతులుగా నాకు 1961 మరో కారణంవల్ల ముఖ్యమైన సంవత్సరం. అదే ఏడు క్యూబాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. లక్షమంది దాకా యువతీ యువకులు లాంతర్లు పట్టుకొని పల్లెలకు వెళ్లారు. ఏడు లక్షలకు పైగా జనం అక్షరాలు నేర్చుకున్నారు. క్రీడా సంస్థనూ అక్షరాస్యతా ఉద్యమాన్నీ వేరువేరు అధ్యాయాల్లో రాసే చరిత్రలు అసలు విషయాన్ని పోగొడతాయి. పల్లెకు వెళ్లగల పంతులు ఉన్నచోటే పల్లెలోని కుర్రవాడి ఎడమచేతి వేగం ఎవరి కంటనైనా పడుతుంది. బడి లేనిచోట క్రీడా పాఠశాల ఉండదు. జిల్లా స్థాయి పోటీ, రాష్ట్ర స్థాయి శిక్షణ, హవానా శివారులోని జాతీయ శిబిరం, వీటన్నిటి మీదా ప్లాయా హిరోన్ పేరుతో జాతీయ పోటీ. ఇలా అంచెలంచెలుగా ఒక నిర్మాణం లేచింది. 1961 ఏప్రిల్‌లో అమెరికా ప్రోద్బలంతో జరిగిన దండయాత్రను తిప్పికొట్టిన తీరం పేరు ప్లాయా హిరోన్. ఆ పేరు పోటీకి పెట్టడంలోని ఉద్దేశం చెప్పనక్కర్లేదు.

నిషేధానికి నష్టం లేకపోలేదు. ఉన్న మేటి బాక్సర్లు చాలామంది దేశం విడిచిపోయారు. షుగర్ రామోస్, హోసె నాపొలెస్ మెక్సికోకు, హోసె లెగ్రా స్పెయిన్‌కు వెళ్లి అక్కడ ప్రపంచ విజేతలయ్యారు. అంటే క్యూబా దాదాపు మొదటినుంచి ఒక జట్టును తయారుచేసుకోవలసి వచ్చింది. ఆ పనికి 1964 నుంచి నాయకత్వం వహించినవాడు సాంతియాగోకు చెందిన అల్సిదెస్ సగర్రా. సోవియట్ శిక్షకుడు ఆంద్రే చెర్వొనెంకో, తూర్పు జర్మనీకి చెందిన కుర్ట్ రోజెన్‌ట్రిట్ అతనికి తోడయ్యారు. తూర్పు యూరప్ బాక్సింగులోని క్రమశిక్షణ, దూరాన్ని కొలిచి కొట్టే పద్ధతి, కరీబియన్ కాళ్లలోని లయతో కలిశాయి. ఈ కలయికను కొందరు సోవియట్ నమూనాకు నకలు అన్నారు. నకలు అసలును ఎప్పుడూ దాటిపోదు. మ్యూనిక్‌లో క్యూబా సోవియట్ యూనియన్‌ను దాటింది.

1968 మెక్సికో క్రీడల్లో ఎన్రికె రెగెయిఫెరోస్, రొలాండో గార్బె ఇద్దరూ ఫైనల్లో ఓడి రజతాలు తెచ్చారు. నాలుగేళ్ల తర్వాత మూడు స్వర్ణాలు. ఇది మెరుపులాంటి విజయం కాదు. పదేళ్ల పాటు నడిచిన పని ఫలితం. మ్యూనిక్‌ను దాని ముందున్న మెక్సికోతో, ఓడిన ఇద్దరితో కలిపి చదివితేనే ఈ సంగతి అర్థమవుతుంది.

ఒక తిరస్కారం

స్టీవెన్‌సన్ 1952లో తూర్పు క్యూబాలోని ప్వెర్తో పాద్రెలో పుట్టాడు. అతని తండ్రి సెయింట్ విన్సెంట్ ద్వీపంనుంచి వచ్చిన వలసజీవి. మ్యూనిక్‌లో క్వార్టర్ ఫైనల్ ప్రత్యర్థి అమెరికాకు చెందిన డ్వేన్ బోబిక్. అంతకు ముందు ఏడాది పాన్ అమెరికన్ క్రీడల్లో స్టీవెన్‌సన్‌ను ఓడించినవాడు. అమెరికా పత్రికలు భవిష్యత్ ప్రపంచ విజేతగా చూస్తున్నవాడు. మూడో రౌండులో స్టీవెన్‌సన్ కుడిచేతి దెబ్బలకు అతను పదేపదే పడిపోగా రిఫరీ పోరును ఆపేశాడు. సెమీ ఫైనల్లో పశ్చిమ జర్మనీ బాక్సర్ పీటర్ హుస్సింగ్ ఓడాడు. ఫైనల్‌కు రుమేనియా బాక్సర్ ఇయోన్ అలెక్సె వేలు విరిగి రాలేకపోయాడు.

ఆ తర్వాత అమెరికా ప్రమోటర్లు పది లక్షల డాలర్ల మాట ఎత్తారు. మహమ్మద్ అలీతో పోరు అన్నారు. స్టీవెన్‌సన్ కాదన్నాడు. ఎనభై లక్షల మంది క్యూబన్ల ప్రేమ ముందు పది లక్షల డాలర్లు ఏపాటివని అతను అడిగినట్టు ప్రపంచ పత్రికలన్నీ రాశాయి. అభ్యుదయ రచయితలకు ఇంతకంటే ప్రియమైన దృశ్యం మరొకటి ఉండదు. ఒకవైపు డాలరు, మరోవైపు ప్రజలు, మధ్యలో ప్రజలను ఎంచుకొన్న వీరుడు.

ఈ తిరస్కారాన్ని నేను తక్కువ చేయను. దాని విలువ తెలియాలంటే అదే మ్యూనిక్‌లో స్వర్ణం గెలిచిన మరొకరి జీవితం చూడాలి. అమెరికాకు వచ్చిన ఏకైక బాక్సింగ్ స్వర్ణం రే సీల్స్‌ది. అతను వృత్తి బాక్సింగులోకి వెళ్లాడు. ఏళ్ల తరబడి పోరాడి, కళ్లు దెబ్బతిని, చూపు దాదాపు పోగొట్టుకున్నాడు. వైద్యం అప్పులు తీర్చడానికి సహాయ ప్రదర్శన ఏర్పాటు చేయవలసి వచ్చింది. తర్వాత అతను టకోమా నగరంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు బడిలో పాఠాలు చెప్పాడు. గౌరవప్రదమైన జీవితమే. కాని అతని కళ్లతో డబ్బు చేసుకున్నవాళ్లెవరూ ఆ కళ్ల బాధ్యత తీసుకోలేదు. స్టీవెన్‌సన్ కాదన్నది పది లక్షల డాలర్లను మాత్రమే కాదు, ఈ లెక్కను కూడా.

అయితే చరిత్ర రాసేవాడు ఇక్కడే ఆగిపోకూడదు. వృత్తి బాక్సింగును చట్టం నిషేధించిన దేశంలో అతను దాన్ని తిరస్కరించాడు. ఔనని ఉంటే దేశం విడిచి వెళ్లాలి, తిరిగి రాలేడు. కాబట్టి అది ఒక వ్యక్తి స్వేచ్ఛగా తూకం వేసి తీసుకొన్న నిర్ణయమని గాని, భయంతో తీసుకొన్న నిర్ణయమని గాని మనం తీర్పు చెప్పడం సులభం కాదు. అతను జీవితాంతం క్యూబాలోనే ఉన్నాడు. 2012 జూన్ 11న హవానాలో కన్నుమూశాడు. తన నిర్ణయంలో నిజాయితీ ఉందనడానికి ఆ జీవితమే సాక్ష్యం. కాని ఒకరి త్యాగం నిజమైనంత మాత్రాన ఆ త్యాగాన్ని అందరికీ నియమం చేయడం న్యాయమవుతుందా? ఈ ప్రశ్నను ప్రచార సాహిత్యం అడగదు. విమర్శ అడగాలి.

తర్వాతి పరీక్షలు

1976 మాంట్రియల్ క్రీడల్లో క్యూబాకు మూడు స్వర్ణాలు, మూడు రజతాలు, రెండు కాంస్యాలు వచ్చాయి. అయిదు స్వర్ణాలతో అమెరికా ముందు నిలిచింది. 1980 మాస్కోలో 11 తరగతుల్లో పదింటిలో క్యూబా బాక్సర్లు పతకాలు తెచ్చారు. అందులో ఆరు స్వర్ణాలు. స్టీవెన్‌సన్‌ది వరసగా మూడో స్వర్ణం. అప్పటికి ఆ ఘనత హంగరీకి చెందిన లాజ్లో పాప్ ఒక్కడిదే. మాస్కోను అమెరికా బహిష్కరించిందని గుర్తుపెట్టుకొనే ఈ ఫలితాన్ని చదవాలి. గుర్తుపెట్టుకున్నా ఒక్క ఫ్లై వెయిట్ మినహా అన్ని తరగతుల్లోనూ పతకం రావడం ఒక వ్యక్తి వల్ల సాధ్యమయ్యేది కాదు.

1984 లాస్ ఏంజిలిస్‌నూ, 1988 సియోల్‌నూ క్యూబా బహిష్కరించింది. అమెరికా బహిష్కరణను తప్పుపట్టిన మనం ఈ రెండింటి దగ్గర మౌనంగా ఉంటే అది చరిత్ర కాదు. బహిష్కరణ నిర్ణయం రాజ్యాలది, దాని ధర చెల్లించింది బాక్సర్లు. 1986లో 34 ఏళ్ల వయసులో స్టీవెన్‌సన్ రీనో నగరంలో ప్రపంచ పోటీ గెలిచాడు. అంటే 1984లో అతనిలో సత్తా లేక కాదు. మరి ఎందరో కుర్రవాళ్ల ఎనిమిదేళ్ల యౌవనం ఒలింపిక్ బరి చూడకుండానే గడిచిపోయింది. వాళ్ల పేర్లు ఏ పట్టికలోనూ ఉండవు.

1992 బార్సిలోనాలో క్యూబా తిరిగి వచ్చి ఏడు స్వర్ణాలు గెలిచింది. అప్పటికి సోవియట్ యూనియన్ కూలిపోయింది. అమెరికా ఆంక్షల మధ్య, సోవియట్ సాయం ఆగిపోయి, క్యూబాలో తిండికీ ఇంధనానికీ కటకట. ఆ ఏడు స్వర్ణాల్లో ఒకటి హోయెల్ కాసమయోర్‌ది. గెలిచినందుకు తనకు బహుమానంగా సైకిలు ఇచ్చారనీ, ఇంట్లో తిండి కోసం దాన్ని ఇచ్చి పందిని తెచ్చుకున్నాననీ అతను తర్వాత చెప్పుకొన్నాడు. 1996 అట్లాంటా క్రీడలకు ముందు అతను జట్టును విడిచి అమెరికా చేరాడు. 2004 ఏథెన్స్‌లో స్వర్ణాలు గెలిచిన క్యూబా బాక్సర్లు అయిదుగురు. 2009 నాటికి వాళ్లలో నలుగురు దేశం విడిచారు. 2008 బీజింగ్‌లో క్యూబాకు ఎనిమిది పతకాలు వచ్చినా ఒక్క స్వర్ణమూ లేదు.

వెళ్లినవాళ్లను ద్రోహులని రాసినవాళ్లున్నారు. ఆ మాట వాడేముందు మన పల్లెలనుంచి గల్ఫ్‌కు వెళ్లిన వాళ్లను తలుచుకోవాలి. కరువుకు ఊరు విడిచినవాణ్ణి మనం ద్రోహి అనం. ఊళ్లో అతనికి ఏం మిగలలేదని అడుగుతాం. అదే ప్రశ్న కాసమయోర్ విషయంలో అడగకపోవడానికి సైద్ధాంతికమైన కారణం ఏదీ లేదు. అలాగని వెళ్లినవాళ్లను స్వేచ్ఛా వీరులుగా మార్చి, వాళ్లను తయారుచేసిన ఉచిత పాఠశాలల్నీ శిక్షకుల్నీ చరిత్రలోంచి చెరిపేయడమూ అసత్యమే. కాసమయోర్ ఎడమచేతి నేర్పును తీర్చిదిద్దింది ఆ పాఠశాలలే. ఆ నేర్పుకు వెల కట్టింది మాత్రం లాస్ వెగాస్.

2022లో క్యూబా ఆరు దశాబ్దాల నిషేధాన్ని సడలించి తన బాక్సర్లను వృత్తి పోటీలకు అనుమతించింది. ఆ మే నెలలో మెక్సికోలో వాళ్లు బరిలోకి దిగారు. 2024 పారిస్ క్రీడల్లో క్యూబా బాక్సింగుకు దక్కింది ఒక స్వర్ణం, ఒక కాంస్యం. రెండుసార్లు ఒలింపిక్ విజేత అయిన హులియో సేసర్ లా క్రూస్ అక్కడ మొదటి పోరులోనే ఓడాడు. అతన్ని ఓడించిన లోరెన్ అల్ఫోన్సో అజర్‌బైజాన్ తరఫున ఆడినా పుట్టింది క్యూబాలోనే.

అసలు లేని పేర్లు

ఇంతవరకూ నేను రాసిన పేర్లన్నీ మగవాళ్లవి. అది యాదృచ్ఛికం కాదు. ఆట ప్రజల హక్కు అన్న దేశంలో బాక్సింగ్ బరి ఆడవాళ్లకు 2022 డిసెంబరు దాకా మూసే ఉంది. 2012 లండన్ క్రీడల్లో మహిళల బాక్సింగును చేర్చాలని 2009లో నిర్ణయం జరిగినప్పుడు, ఆడవాళ్లు ఉన్నది అందమైన ముఖాలు చూపడానికే తప్ప దెబ్బలు తినడానికి కాదన్న అర్థం వచ్చేలా క్యూబా జట్టు ప్రధాన శిక్షకుడే మాట్లాడాడు. మన ఊరి పెద్దమనుషుల మాటకూ ఈ మాటకూ తేడా ఏమిటి? ఆస్తి సంబంధాలు మారితే భూస్వామ్య సంస్కారం తనంత తానే పోతుందని యాంత్రికంగా నమ్మేవాళ్లకు ఇది ఒక పాఠం.

క్యూబా మగ బాక్సర్లు వృత్తి పోటీలకు దిగిన ఆ 2022 మే నెలలోనే, ఇస్తాంబుల్‌లో మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ ప్రపంచ విజేత అయింది. 2023లో ఢిల్లీలో మళ్లీ గెలిచింది. ఆమె విజయం వెనక క్యూబాలో ఉన్నటువంటి అంచెలంచెల నిర్మాణం లేదు. అండగా నిలిచిన తండ్రి, చుట్టుపక్కల మాటలను లెక్కచేయని మొండితనం ఉన్నాయి. నిర్మాణం ఉన్నచోట ఆడపిల్లకు ద్వారం లేదు. ద్వారం తోసుకొని వచ్చిన ఆడపిల్ల ఉన్నచోట నిర్మాణం లేదు. ఈ రెండు వాస్తవాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే రెండు సమాజాలూ ఇంకా చేయవలసిన పని ఏమిటో తెలుస్తుంది.

క్యూబాకూ మన దేశపు బాక్సింగుకూ నేరుగా సంబంధం ఉంది. 1990 నుంచి చాలా ఏళ్లు భారత బాక్సర్లకు శిక్షణ ఇచ్చిన బ్లాస్ ఇగ్లేసియాస్ ఫెర్నాండెజ్ క్యూబా దేశస్థుడు. 2012లో ద్రోణాచార్య పురస్కారం అందుకున్న మొదటి విదేశీ శిక్షకుడు ఆయనే. 2008 బీజింగ్‌లో విజేందర్ సింగ్ మన దేశానికి బాక్సింగులో మొదటి ఒలింపిక్ పతకం తెచ్చాడు. సెమీ ఫైనల్లో అతన్ని ఓడించిన క్యూబా బాక్సర్ పేరు ఎమిలియో కొరెయా. 1972లో మ్యూనిక్‌లో స్వర్ణం గెలిచిన ఎమిలియో కొరెయా కొడుకు. ఒక క్యూబన్ నేర్పిన విద్యతో పైకొచ్చిన మనవాడు మరో క్యూబన్ చేతిలో ఓడాడు. విద్య దేశాల సరిహద్దులు దాటి ప్రవహించడం అంటే ఇదే. దీన్ని పతకాల పట్టిక చూపించదు.

మనం రాయవలసింది

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలంటారు. సమాజం విషయంలో ఈ సామెత పనికిరాదు. ఒక పతకాన్ని పట్టుకొని సమాజమంతా ఉడికిందనలేం. ఒక బాక్సర్ పడవెక్కి పోయినంత మాత్రాన సమాజమంతా పాచిపోయిందనీ అనలేం. మ్యూనిక్ విజయం నిరూపించింది ఒకటే. పేద దేశమైనా సరే బడినీ, మైదానాన్నీ, శిక్షకుణ్ణీ డబ్బుతో నిమిత్తం లేకుండా పిల్లల ముందుకు తెస్తే, అంతకు ముందు చెరకు తోటలోనో పేపర్లు అమ్ముకుంటూనో వృథా అయిన శక్తి బయటికి వస్తుంది. ఇది చిన్న నిరూపణ కాదు. 1972లో నిజం, ఇప్పుడూ నిజం. కాని బయటికి వచ్చిన ఆ శక్తిమీద హక్కు ఎవరిది, దాన్ని ఎక్కడ వెచ్చించాలో నిర్ణయించేది ఎవరు అన్న ప్రశ్నలకు మ్యూనిక్ జవాబు చెప్పలేదు. ఆ ప్రశ్నలు అరవై ఏళ్లు వాయిదాపడి 2022లో మళ్లీ తలెత్తాయి.

నా తరగతిలో పిల్లలు వీరుల పాఠాలు ఇష్టంగా వింటారు. పరీక్షలో వీరుడి పేరు, పుట్టిన ఊరు, సాధించిన విజయం రాస్తారు. వాళ్లకు కనబడని పేర్లు అడగడం నేర్పాలి. ఈ జట్టుకు పాఠం చెప్పిందెవరు? ఫైనల్లో ఓడిందెవరు? బరిలోకి రానివ్వనిది ఎవరిని? వెళ్లిపోయింది ఎందుకు? ఈ నాలుగు ప్రశ్నలూ వేసుకొని రాసినప్పుడే వీరగాథ చరిత్ర అవుతుంది. గియేన్ తన పద్యం శీర్షికలోంచి ఒక పేరు తీసేసి ఒక వర్గాన్ని చూపించాడు. ఇవాళ మన పని దానికి మరోవైపునుంచి మొదలవుతుంది. జట్టు అనే మాట వెనక దాగిన పేర్లను, డగ్లస్ రోద్రిగెజ్ కాంస్యం నుంచి ఏ పట్టికకూ ఎక్కని 1984, 1988 నాటి కుర్రవాళ్ల దాకా, 2022 దాకా ద్వారం బయటే నిలబడిన ఆడపిల్లల దాకా, ఒక్కొక్కటిగా వెతికి రాయాలి. యువ రచయితలు ఈ పనికి పూనుకుంటే మన సాహిత్యంలో ఆటకు కూడా ఒక చోటు దొరుకుతుంది.